పాతబస్తీలో కుక్కకు ‘బయట’ ఎక్కడుంది?

కుక్కను ఇంట్లో పెంచాలా, బయట పెంచాలా అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. బయట అంటే ఎక్కడండీ?

పల్లెలో ఈ ప్రశ్నకు జవాబు ఉంది. ఇంటి ముందు వాకిలి, పక్కన పశువుల కొట్టం, ఓ వేపచెట్టు, దాని కింద చల్లటి మట్టి. అమెరికాలో ఉన్న మీ అబ్బాయి దగ్గరా జవాబు ఉంటుంది. ఇంటి వెనక కంచె వేసిన పచ్చిక ఉంటుంది కదా. గౌలిపురాలోనో, హరిబౌలిలోనో, లాల్‌దర్వాజా, ఛత్రినాక, ఉప్పుగూడ గల్లీల్లోనో ఉన్న మీ అరవై, ఎనభై గజాల ఇంటికి మాత్రం జవాబు లేదు. గడప దిగితే గల్లీ. గల్లీ దాటితే ఎదురింటివాళ్ల గడప. మధ్యలో రెండు స్కూటర్లు, ఒక ఆటో. కాబట్టి మన దగ్గర ‘బయట’ అంటే మూడే చోట్లు. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన, మెట్ల కింద కరెంటు మీటరు దగ్గర, లేదంటే గేటుకు గొలుసుతో.

నా అభిప్రాయం దాచుకోను. మధ్యాహ్నం ఎండలోనూ, రాత్రి నిద్రవేళలోనూ కుక్కకు ఇంటి కప్పు కింద నాలుగడుగుల చోటు ఇవ్వలేని కుటుంబం కుక్కను తెచ్చుకోకూడదు. కుక్క మీద జాలితో మాత్రమే ఈ మాట అనడం లేదు. డాబా మీది కుక్క, గేటు దగ్గరి కుక్క ఆరోగ్యం చెడితే ఆ చెడు మెట్లు దిగి మీ పిల్లల దగ్గరికే వస్తుంది.

ఒకప్పుడు ఈ గొడవ లేదు. దేవిడీలకు పెద్ద దర్వాజా, లోపల సెహన్, చుట్టూ దాలాన్ ఉండేవి. సామాన్యుల పెంకుటిళ్లకు కూడా వెనకాల కాస్త ఖాళీ జాగా, ఓ జామచెట్టు ఉండేది. కుక్క ఉంటే అక్కడే తిరిగేది. లేకపోతే గల్లీ కుక్క ఉండేది. అది ఎవరిదీ కాదు, అందరిదీ. పొద్దున ఒక ఇంటి రొట్టె, రాత్రి ఇంకో ఇంటి అన్నం తిని బతికేది. అన్నదమ్ములు పంచుకుని, పంచుకున్న ముక్క మీద అంతస్తు మీద అంతస్తు లేపుకున్నాక సెహన్ పోయింది, జామచెట్టు పోయింది. కుక్క డాబా ఎక్కింది. అంతే తప్ప, కుక్కకు డాబా మంచిదని ఎవరో డాక్టర్ చెప్పగా పెట్టినవాళ్లు లేరు. కింద చోటు లేక పైకి పంపాం. తర్వాత అదే పద్ధతి అనుకున్నాం.

డాబా మీద రెండు గంటలకు

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల అడుగున ఉండే మెత్తల దగ్గర తప్ప చెమట పట్టదు. ఒంట్లో వేడి పోగొట్టుకోవడానికి దానికున్న అసలు దారి నాలుక బయటపెట్టి రొప్పడమే. చుట్టూ ఉన్న గాలి చల్లగా ఉంటేనే ఆ రొప్పు పనిచేస్తుంది. గాలే వేడిగా ఉంటే రొప్పడానికి పడే శ్రమ కూడా వేడిగా మారి ఒంట్లోనే మిగులుతుంది. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనకు జ్వరం అనిపించేది దానికి మామూలు. 104 దాటితే ప్రమాదం మొదలైనట్టు. 106 దగ్గర మెదడు, కిడ్నీలు, పేగులు దెబ్బతినడం మొదలవుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో 40 డిగ్రీల సెల్సియస్ దాటడం వింత కాదు. అది నీడలో కొలిచిన గాలి వేడి. ఎండకు కాలిన స్లాబు వేడి దానికంటే చాలా ఎక్కువ. పరీక్ష సులువు. మధ్యాహ్నం రెండింటికి డాబా ఎక్కి అరచేతి వెనక భాగాన్ని నేల మీద ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల కుక్క పాదాలకు పనికిరాదు. ‘రేకుల షెడ్డు వేశాం కదా’ అంటారు. రేకు నీడ ఇస్తుంది, నిజమే. కానీ తాను కాలి ఆ సెగను కిందికి దింపుతుంది. మూడు పక్కలా మూసిన రేకుల గూడు తందూరు భట్టీ లాంటిదే. సాయంత్రమైతే చల్లబడుతుందనుకోవడం కూడా పొరపాటు. పగలంతా తాగిన వేడిని స్లాబు రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటుంది. డాబా మీద పక్కలేసుకునే మీకు ఆ సంగతి నేను చెప్పనక్కర్లేదు. మీరైనా నీళ్లు చల్లుకుని, చాప పరుచుకుని పడుకుంటారు.

పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల సంగతి ఇంకా కష్టం. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన ఆ పగ్‌ను చూసి దేశమంతా మోజు పడింది. దాని ముఖం మనకు ముద్దుగా కనిపించడానికి కారణమైన ఆ పొట్టి ముక్కే దానికి గాలి ఆడకుండా చేస్తుంది. రొప్పడమే సరిగా రాని కుక్కను మే నెలలో డాబా మీద వదలడం దాన్ని చంపుకోవడమే. హస్కీని కొన్నవాళ్లకు చెప్పాల్సింది ఇంకా ఉంది గానీ, మంచు దేశపు కుక్కను మూసీ ఒడ్డుకు తెచ్చినవాళ్లు నా మాట వింటారన్న ఆశ నాకు పెద్దగా లేదు. కనీసం వేసవి అని బొచ్చు గొరిగించకండి. రెండు పొరల బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుగా కూడా ఉంటుంది.

వడదెబ్బ గుర్తులు తెలుసుకోండి. ఆగకుండా రొప్పుతుంటే, చిక్కటి చొంగ కారుతుంటే, చిగుళ్లు ఇటుక రంగులోకి మారితే, తూలుతూ నడుస్తుంటే, వాంతి చేసుకుంటే అనుమానించండి. వెంటనే నీడలోకి తెచ్చి ఒళ్లంతా మామూలు చల్లటి నీళ్లు పోయండి. పొట్ట, తొడల లోపలి భాగం తడవాలి. ఫ్యాను కింద పెట్టండి. తాగుతానంటే నీళ్లివ్వండి, నోట్లో బలవంతంగా పోయొద్దు. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆటో ఎక్కించి పశువైద్యుడి దగ్గరికి పరుగు.

ఎండ ఒక్కటే అయితే మే, జూన్ వరకు సర్దుకోవచ్చు అనుకునేవాళ్లం. సంక్రాంతికి డాబాలన్నీ పతంగులతో నిండిపోతాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా, తెగిన దారాలు పిట్టగోడల మీద వేలాడుతూనే ఉంటాయి. దీపావళి పటాకులు, బోనాల డప్పులు, వినాయకుడి ఊరేగింపు డీజేలు ఉండనే ఉన్నాయి. మనకంటే ఎన్నో రెట్లు చురుకైన చెవులున్న జంతువు ఆ మోతకు బెదిరి పిట్టగోడ దూకితే మూడంతస్తుల కింద పడుతుంది. ఆ రాత్రులైనా దాన్ని లోపలి గదిలో కిటికీలు మూసి ఉంచాలని డాబా సమర్థకులు కూడా ఒప్పుకుంటారు.

మెట్ల కింద కట్టేసే చోటు గురించి ఎక్కువ చెప్పను. 2020 అక్టోబరు వానల్లో హఫీజ్‌బాబానగర్, అల్‌జుబైల్ కాలనీ వైపు ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. గొలుసుకు కట్టిన కుక్క ఈదలేదు. వరద రాని ఏడాది కూడా మెట్ల కింద తడి ఉంటుంది, ఎలుకలు ఉంటాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి కుక్కకు లెప్టోస్పైరోసిస్ రావచ్చు. కుక్క మూత్రం నుంచి అది మనుషులకూ రావచ్చు. దీనికి కుక్కలకు ఏటా వేసే టీకా ఉంది. మీ కుక్క కార్డులో అది ఉందో లేదో ఒకసారి చూడండి.

గొలుసు, గేటు, కాటు

అమెరికాలోని డెన్వర్ నగరంలో 1990ల మొదట్లో ఒక అధ్యయనం చేశారు. మనుషులను కరిచిన కుక్కలను, అదే ప్రాంతంలో కరవని కుక్కలతో పోల్చి చూశారు. 1994లో అది అచ్చయింది. కరిచిన కుక్కల్లో గొలుసుకు కట్టి ఉంచినవి ఉండే అవకాశం 2.8 రెట్లు ఎక్కువని తేలింది. కరిచే స్వభావం ఉంది కాబట్టే కట్టేసి ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. కొంత అదీ ఉంటుంది. అయినా మన గల్లీలో కాసేపు నిలబడి చూడండి. గేటుకు కట్టిన కుక్కకు రోజంతా కనిపించేవి కాళ్లు. బడికి పోయే కాళ్లు, ట్యూషన్‌కు పోయే కాళ్లు, పాలవాడి కాళ్లు, సిలిండర్ తెచ్చే అబ్బాయి కాళ్లు. ఒకడు రాయి విసురుతాడు, ఇంకొకడు తోక లాగుతాడు. తప్పించుకుని పోవడానికి గొలుసు అడ్డం. పారిపోలేని జంతువుకు మిగిలేది పళ్లు చూపించడమే. ఆరడుగుల గల్లీలో నాలుగడుగుల గొలుసంటే ఎవరికి ప్రమాదమో లెక్క వేసుకోండి.

చట్టం కూడా ఈ విషయం ఎప్పుడో చెప్పింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడమూ నేరమే. మొదటిసారి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయలు. మదీనా సెంటర్‌లో ఇద్దరు చాయ్ తాగే ఖర్చు. చట్టం భయంతో ఎవరూ గొలుసు విప్పరు, అది నాకూ తెలుసు.

అసలు భయం రేబిస్. ‘మాది ఇంటి కుక్క, దానికి పిచ్చి ఎక్కడినుంచి వస్తుంది’ అంటారు. రాత్రి ఒంటిగంటకు గేటు దగ్గర మీ కుక్కను వీధికుక్క కరిచి పోయిందనుకోండి. మీరు నిద్రలో ఉంటారు. బొచ్చు కింద చిన్న గాటు కనిపించదు. వారాలు, ఒక్కోసారి నెలలు గడిచాక దాని తీరు మారుతుంది. ఆ లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజుల ముందునుంచే చొంగలో వైరస్ ఉంటుంది. అదే చొంగ మీ పిల్లాడి గీరుకుపోయిన మోకాలికి తగులుతుంది. లోపల పడుకునే కుక్కకు ఈ దారి చాలావరకు మూసుకుపోతుంది. రాత్రి దాని ఒంటి మీద ఏం జరిగిందో తెలియని పరిస్థితి ఉండదు. కుక్క ఇంట్లో ఉండాలి అనడానికి నా దృష్టిలో ఇదే బలమైన కారణం.

మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లేనని, ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు మొదలయ్యాక మందు లేదు. కాబట్టి కాటు పడితే, ఇంటి కుక్కదైనా సరే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. మిరపకారం, సున్నం, పసుపు, పెట్రోలు ఏవీ రాయొద్దు. నారాయణగూడ ఐపీఎంకో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో అదే రోజు వెళ్లండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండలోకి అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకాలు. రక్తం వచ్చిన గాయానికి వాటితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. కుక్కను పది రోజులు గమనించమంటారు. అంటే పది రోజులు ఆగి టీకాకు వెళ్లమని కాదు. టీకా ఆ రోజే మొదలు కావాలి. పది రోజుల తర్వాత కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగిలిన డోసుల సంగతి డాక్టర్ చెబుతారు.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాక ఈ నగరంలో తల్లులకు గల్లీలో పిల్లలను వదలాలంటేనే గుండె దడ. సుప్రీంకోర్టు 2025లో ఇచ్చిన ఆదేశాల మీద వాదోపవాదాలు మీరు చదివే ఉంటారు. వీధికుక్కల సంగతి వేరే పెద్ద వ్యాసం. ఒక్క మాట మాత్రం పెంపకందారులు వినాలి. పగలు కట్టేసి, ‘పాపం కాసేపు తిరిగొస్తుంది’ అని రాత్రి పదింటికి గల్లీలోకి వదిలే కుక్క ఆ కాసేపు వీధికుక్కే. దానికి ఆపరేషన్ చేయించి ఉండకపోతే రెండు నెలల తర్వాత ఎవరింటి మెట్ల కిందో ఆరు పిల్లలు కనిపిస్తాయి. జీహెచ్‌ఎంసీ వ్యాను కోసం ఎదురుచూసే ముందు మన కుక్క వాటా ఎంతో చూసుకోవాలి.

లోపలికి వస్తే జబ్బులు రావా?

వస్తాయి. ఇంట్లో కుక్క ఉంటే అంతా శుభమే అని చెప్పేవాళ్లను నమ్మొద్దు.

మొదటిది పిడుదులు, మనం గోమార్లు అంటాం. కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు చాలా పిడుదుల్లా గడ్డిలోనే బతకాలని లేదు. నాలుగు గోడల మధ్యే తన జీవితచక్రమంతా నడపగలదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి రాలి, గోడ పగుళ్లలో, దర్వాజా చట్రం సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. మన పాత గచ్చు గోడలు, టేకు దూలాలు దానికి స్వర్గం. కుక్కకు మందు వేసి గోడలను వదిలేస్తే నెలకల్లా మళ్లీ మొదలు. పిడుదుల జ్వరం వచ్చిన కుక్కకు రక్తకణాలు పడిపోతాయి, ముక్కునుంచి రక్తం కారవచ్చు. అందుకే పశువైద్యుడు చెప్పిన పిడుదు మందు నెలనెలా వేయాలి. సందులను సిమెంటుతో పూడ్చాలి. కుక్క పరుపు గుడ్డను వారానికోసారి మరుగునీళ్లలో ఉతకాలి. పిడుదును వేళ్లతో చిదమకండి.

రెండోది పేగు పురుగులు. కుక్కపిల్లల్లో ఇవి లేనివి అరుదు. వాటి గుడ్లు మలంలో బయటికి వస్తాయి. వచ్చిన రోజే అవి అంటవు. సంక్రమించే దశకు రావడానికి రెండు వారాల వరకు పడుతుంది. అంటే రోజూ మలం ఎత్తేసే ఇంట్లో ముప్పు చాలా తక్కువ. వారానికోసారి గుర్తొచ్చినప్పుడు చీపురుతో మూలకు నెట్టే డాబా మీద ముప్పు ఎక్కువ. అక్కడే మీరు అప్పడాలు, మిరపకాయలు ఎండబెడతారు, పిల్లలు అక్కడే ఆడతారు. పిల్ల కుక్కకు మొదటి మూడు నెలలు పక్షానికోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి పురుగుల మందు వేయించండి.

మూడోది మన బస్తీలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది. మాంసం దుకాణంలో చవకగా దొరుకుతాయని చాలామంది కుక్కకు గొర్రె ఊపిరితిత్తులు, కలేజీ ముక్కలు పచ్చివే వేస్తారు. బక్రీద్ మూడు రోజులూ మిగిలిన ముక్కలు ఎలాగూ ఉంటాయి. గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగల్లాంటి తిత్తులు ఉండొచ్చు. వాటిని హైడాటిడ్ తిత్తులు అంటారు. పచ్చివి తిన్న కుక్క పేగుల్లో ఆ తిత్తుల నుంచి బియ్యపు గింజంత చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్క హాయిగానే ఉంటుంది. దాని మలంతో బయటికొచ్చే గుడ్లు బొచ్చుకు అంటుకుని, దాన్ని నిమిరిన చేతి ద్వారా మన కడుపులోకి వెళ్తే, మన కాలేయంలో అదే తిత్తి. ఏళ్ల తరబడి నొప్పి లేకుండా నారింజంత, కొబ్బరికాయంత పెరుగుతుంది. చివరికి స్కానింగ్‌లో బయటపడి ఆపరేషన్ దాకా పోతుంది. దీనికి విరుగుడు కుక్కను బయటికి పంపడం కాదు. కుక్కర్‌లో నాలుగు విజిల్స్. ఉడికించిన మాంసమే పెట్టండి, ఎముకలు మాత్రం తీసేయండి, ఉడికిన ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుంది. బద్దెపురుగులకు మామూలు పురుగుల మందు సరిపోదు. ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు అడగండి.

ఆస్తమా గురించి ఎక్కువమంది అడుగుతారు. 2001 నుంచి 2010 మధ్య స్వీడన్‌లో పుట్టిన లక్షలాది పిల్లల వివరాలతో చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. పుట్టిన మొదటి ఏడాది ఇంట్లో కుక్క ఉన్న పిల్లలకు బడి వయసులో ఆస్తమా ముప్పు 13 శాతం తక్కువగా కనిపించింది. దీన్ని చూసి ఆస్తమా ఉన్న బిడ్డకు మందులా కుక్కను కొనకండి. అది ముందే కుక్క ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లల లెక్క. ఇప్పటికే పిల్లికూతలు వచ్చే బిడ్డకు, కుక్క తగిలితే దద్దుర్లు వచ్చే బిడ్డకు అది వర్తించదు. ముందు పరీక్ష చేయించుకోండి. అలాగే కీమోథెరపీ నడుస్తున్నవాళ్లు, ప్లీహం తీసేసినవాళ్లు, మానని పుండు ఉన్న షుగర్ రోగులు కుక్కతో నాకించుకోకూడదు. మిగిలినవాళ్లు కూడా మూతి నాకించుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

దేవుడి గది ఉంది, నమాజు చదివే చాప ఉంది

ఇది నిజమైన ఇబ్బంది. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. ముస్లిం కుటుంబాల్లో కుక్క చొంగను అశుద్ధంగా చూస్తారు. తగిలిన చోట కడిగితే తప్ప నమాజు కుదరదంటారు. కాపలాకు, వేటకు, మందకు కుక్కను ఉంచుకోవచ్చన్న సడలింపు మాత్రం ఉంది. హిందూ ఇళ్లలో మడి, దేవుడి గది, వంటగది. రెండు పక్కలా ‘కుక్కను లోపలికి ఎట్ల రానిస్తం?’ అనే మాట ఒక్కటే. రెండు పక్కలా కుక్క మీద దయ చూపే కథలూ ఉన్నాయి. ఖురాన్‌లోని గుహవాసుల కథలో వాళ్ల కుక్క గుహ గడపలోనే ముందుకాళ్లు చాచి పడుకుని ఉంటుంది. దాహంతో ఉన్న కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి పోసినవారికి పాపక్షమ దొరికిందని హదీసు. మన ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. కాలభైరవుడి వాహనమే కుక్క.

నేను మతం బోధించబోవడం లేదు. ఇంట్లో ఉంచడం అంటే మంచం మీద పడుకోబెట్టడం కాదని మాత్రం చెబుతున్నాను. చాలా ఇళ్లలో వాదన ఈ ఒక్క పొరపాటు మీదే నడుస్తుంది. గడప లోపల, మొదటి గదిలోనో వరండాలోనో ఒక మూల, నాలుగడుగుల చోటు, ఒక గోనెసంచి, ఒక మట్టి మూకుడులో నీళ్లు. వంటగది, పూజగది, నమాజు గది, పడకగది దానికి నిషిద్ధం. కుక్క గీతలు నేర్చుకుంటుంది. మనుషుల్లో గీతలు చెరిపేది పిల్లలే. ఆ మూల కూడా కుదరదు అనే కుటుంబాలు ఉన్నాయి, వాళ్ల మాటకు గౌరవం ఇవ్వాలి. అలాంటప్పుడు కుక్కను తేవద్దు, అంతే. పిల్లలు ఏడుస్తారు. రెండు రోజుల్లో మానేస్తారు.

సెహన్ మిగిలి ఉన్న అదృష్టవంతుల సంగతి వేరు. చెట్టు నీడ, మట్టి నేల, మూసే గేటు ఉంటే పొట్టి బొచ్చు దేశవాళీ కుక్క పగలంతా అక్కడ సుఖంగా ఉంటుంది. రాత్రి దాలాన్‌లోకి పిలిస్తే చాలు. అలాంటి ఇళ్లు మన వైపు ఎన్ని మిగిలాయో మీకే తెలుసు.

డాబా మీది కుక్క గురించి పక్కింటివాళ్ల మాట కూడా వినండి. ‘అక్కా, మీ కుక్క రాత్రంత మొత్తుకుంటున్నది. మా అత్తకు బీపీ ఉన్నది, నిద్ర పడ్తలేదు’ అని గేటు దగ్గర నిలబడి చెప్పే కోడలి బాధ అబద్ధం కాదు. కుక్క గుంపులో బతికే జంతువు. ఒంటరిగా ఉంచితే అరుస్తుంది. పిల్లి నడిచినా, పావురం ఎగిరినా అరుస్తుంది. కప్పు కిందికి, మనుషుల అలికిడి దగ్గరికి తెస్తే చాలా కుక్కలు రాత్రి పడుకుంటాయి. దొంగ వస్తే అప్పుడూ అరుస్తాయి, భయపడకండి.

ఇంకో సంగతి పేపర్లలో ఎవరూ రాయరు. కుక్క కావాలని పట్టుబట్టేది ఇంటర్ చదివే కొడుకు. నెల తిరిగేసరికి రోజుకు రెండుసార్లు గిన్నె పట్టుకుని నిట్టనిలువు మెట్లెక్కేది మోకాళ్ల నొప్పులున్న అమ్మ. ఆమెకు ఓపిక లేని రోజు కుక్కకు నీళ్లు ఉండవు. కుక్క ఏ అంతస్తులో ఉండాలో తేల్చేటప్పుడు ఆ మోకాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి.

మీ కుక్క ఇప్పటికే పైన ఉంటే, కిందికి తెచ్చే ముందు ఒక్కసారి పశువైద్యుడికి చూపించండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. పురుగుల మందు, పిడుదుల మందు, స్నానం, రేబిస్ టీకా అన్నీ పూర్తి కావాలి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి ఏటా వేయించాలి. జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు, తేదీ రాసిపెట్టుకోండి. ఆ కార్డు ఉంటేనే జీహెచ్‌ఎంసీ లైసెన్సు పని కూడా అవుతుంది.

మలమూత్రాలకు వేళ పెట్టండి. పొద్దున స్కూటర్లు కదలకముందు ఐదున్నరకు, సాయంత్రం ఎండ దిగాక, రాత్రి పడుకునే ముందు. చేతిలో పాత పేపరు, కవరు తప్పనిసరి. ఎదురింటి గడప ముందు చేయించి తలుపేసుకునేవాళ్ల వల్లే మిగిలిన అందరి కుక్కలకూ చెడ్డపేరు. వీధికుక్కలు మీదికి వస్తే పరుగెత్తకండి. తాడు పొట్టిగా పట్టుకుని, కుక్కను మీ కాలి పక్కకు తీసుకుని నెమ్మదిగా వెనక్కి నడవండి. ఇంట్లో పొరపాటున తడిపితే కొట్టొద్దు, కొడితే దాక్కుని చేయడం నేర్చుకుంటుంది. పెద్ద కుక్కలు కూడా రెండు మూడు వారాల్లో వేళ పట్టుకుంటాయి.

ఏళ్లుగా డాబా మీదే బతికిన కుక్క మొదట లోపలికి రాదు. ఫ్యాను చప్పుడుకు, టీవీకి, కుక్కర్ విజిల్‌కు బెదురుతుంది. గడప దగ్గరే కూర్చుని లోపలికి చూస్తుంటుంది. మెడపట్టీ పట్టి లాగొద్దు. అన్నం గిన్నెను రోజుకో అడుగు లోపలికి జరపండి, తలుపు తీసి ఉంచండి, మీరు మీ పనిలో ఉండండి. నాలుగైదు రోజులు పడుతుంది.